బూత్ ఏజెంట్ పాఠాలు – 4: సాయంత్రం ఆరు నుంచి కౌంటింగ్ టేబుల్ దాకా

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నకు జవాబు. మాక్ పోల్ (అసలు పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట వేసి చూసే ఉత్తుత్తి ఓట్లు) అయ్యాక ఓటింగ్ యంత్రం మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు వరసగా నొక్కడం పీవో, అంటే బూతును నడిపే ప్రిసైడింగ్ ఆఫీసర్, మరిచిపోతే ఏమవుతుంది? పొద్దున సరదాగా వేసిన ఆ 50 ఓట్లూ అసలు ఓట్లలో కలిసిపోతాయి. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. రెండు గంటలకోసారి పీవో టోటల్ బటన్ నొక్కి పోలింగ్ ఎంతైందో పైకి చెప్తాడు కదా, అప్పుడే ఆ అంకెను 17ఏ రిజిస్టర్‌లోని (ఓటేయడానికి వచ్చినవాళ్లు సంతకం పెట్టేది) చివరి నంబరుతో పోల్చండి. తొమ్మిది గంటలకే దొంగ దొరుకుతాడు. సాయంత్రం దొరికితే మాత్రం చేయగలిగింది తక్కువ.

ఇవాళ్టి పాఠం దాదాపు మొత్తం ఒక్క కాగితం చుట్టూ తిరుగుతుంది. దాని పేరు ఫారం 17సీ, అంటే ఆ బూతులో పడిన ఓట్ల లెక్క రాసే పత్రం. పోలింగ్ నాటి బూతుకూ కౌంటింగ్ నాటి టేబుల్‌కూ మధ్య ఏజెంటు చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. స్ట్రాంగ్ రూం ముందు టెంట్ వేసుకుని రాత్రంతా కాపలా కాసేవాళ్లను చూశాను. వాళ్లలో సగం మంది దగ్గర 17సీ కాపీలు ఉండవు. అలాంటి కాపలా ఎందుకు పనికొస్తుందో నాకు అర్థం కాదు.

ఆరు కొట్టాక

హైదరాబాద్ బూతుల తీరు వేరు. మధ్యాహ్నమంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం, నాలుగున్నర దాటాక బస్తీల్లోంచీ అపార్ట్‌మెంట్లలోంచీ జనం ఒక్కసారిగా దిగుతారు. 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు పోలింగ్ సమయం ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా. ఓటర్లలో సగం మంది కూడా రాని ఎన్నిక అది. అయినా ఇలాంటి చోట్ల ఆఖరి గంటను తేలిగ్గా తీసుకోకూడదు.

ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961లోని 49ఆర్ ప్రకారం గడువు దాటాక కొత్తవాళ్లెవరినీ లోపలికి రానివ్వరు. గడువుకు ముందే బూతుకు చేరుకున్నవాళ్లంతా ఓటేసేదాకా పోలింగ్ సాగాల్సిందే, రాత్రి తొమ్మిదైనా సరే. ఎవరు ముందొచ్చారు, ఎవరు తర్వాతొచ్చారు అన్న తగువొస్తే పీవో మాటే ఆఖరిది. కాబట్టి ఆ తగువే రాకుండా చూసుకోవాలి. అందుకు చీటీలున్నాయి.

ఆరు కాగానే పీవో గడువు ముగిసిందని ప్రకటించి, తను సంతకం చేసిన నంబరు చీటీలు లైనులో ఉన్నవాళ్లకు పంచిపెడతాడు. పంచడం తోక నుంచి మొదలవ్వాలి. అందరికంటే వెనకున్న మనిషికి 1, ఆయన ముందాయనకు 2, అలా గదిలో ఉన్నవాళ్ల దాకా. ముందు నుంచి పంచుకుంటూ వస్తే పీవో పదో మనిషిని చేరేలోపు వెనకాల ఇంకో నలుగురు అతుక్కుంటారు, వాళ్లు ఆరుకు ముందొచ్చారో తర్వాతొచ్చారో తేల్చడం ఎవరి వల్లా కాదు. కొత్త పీవోలు ముందు నుంచే మొదలుపెడుతుంటారు. అలాంటప్పుడు లేచి, ‘సార్, వెనక నుంచి ఇవ్వండి’ అని మర్యాదగా అడగండి. అడగడానికి మీకు హక్కుంది.

మీ నోట్‌బుక్‌లో అప్పుడే రెండు అంకెలు రాసుకోండి. ఆరు గంటలకు 17ఏలో ఉన్న చివరి నంబరు ఒకటి, పంచిన చీటీల్లో ఆఖరి నంబరు మరొకటి. రిజిస్టర్ 572 దగ్గరుంది, చీటీలు 41 ఇచ్చారనుకుందాం. ఆ బూతులో చివరి సీరియల్ నంబరు 613 దాటకూడదు. ఎవరైనా చీటీ పట్టుకుని కూడా విసిగి వెళ్లిపోతే 613 కంటే తగ్గొచ్చు. పెరిగితే మాత్రం ఎవరో వెనక గేటు నుంచి వచ్చినట్టే. ఈ లెక్క ఏ ఫారంలోనూ ఉండదు, మీ కోసం మీరు చేసుకునేది.

క్లోజ్ బటన్

ఆఖరి ఓటరు వెళ్లాక పీవో కంట్రోల్ యూనిట్ (యంత్రంలో తన దగ్గరుండే భాగం) మీద మూత తీసి క్లోజ్ నొక్కుతాడు. తెర మీద మొత్తం ఓట్లు కనిపిస్తాయి. ఇక ఆ యంత్రం ఒక్క ఓటు కూడా తీసుకోదు. బిజీ లైటు వెలుగుతుండగా క్లోజ్ పనిచేయదు, అది చూసి యంత్రం చెడిపోయిందని కంగారుపడకండి. ఎవరో బ్యాలెట్ ఇప్పించుకుని నొక్కకుండా వెళ్లారని అర్థం. తెర మీది అంకెను చూసి మీరే రాసుకోండి, పక్క ఏజెంటు చెప్పింది రాసుకోవద్దు. తర్వాత 17ఏలో చివరి నంబరు కింద గీత గీసి పీవో సంతకం చేస్తాడు, ఏజెంట్ల చేతా చేయిస్తాడు.

ఇక 17సీ మొదటి భాగం. బూతులో మొత్తం ఓటర్లెందరు, 17ఏ ప్రకారం వచ్చినవాళ్లెందరు, యంత్రంలో ఓట్లెన్ని అన్నవి అందరూ చూస్తారు. మధ్యలోని చిన్న గళ్లనే ఎవరూ చూడరు.

మొదటి గడి 49ఓ కింద. రిజిస్టర్‌లో సంతకం పెట్టాక ఓటెయ్యనని వెనక్కి తిరిగినవాళ్లు ఇందులోకి వస్తారు. దీన్ని నోటాతో కలపకండి. 2013 నుంచి నోటాకు యంత్రం మీద బటనే ఉంది, అది నొక్కితే యంత్రంలో ఓటుగానే పడుతుంది. 49ఓలో వెనుదిరిగిన మనిషి యంత్రాన్ని ముట్టుకోనే లేదు.

రెండోది 49ఎం కింద. ఓటు రహస్యంగా వేయాలన్న నియమం తప్పినందుకు పీవో ఓటెయ్యనివ్వనివాళ్లు. సెల్‌ఫోన్లు వచ్చాక ఈ గడికి పని పెరిగింది.

కాబట్టి 17ఏ చివరి నంబరులోంచి ఈ రెండూ తీసేస్తే వచ్చేదీ యంత్రం చూపించేదీ ఒకటే కావాలి. 611 మంది సంతకం పెట్టారు, ఒకరు వెనుదిరిగారు, ఒకరిని ఆపేశారు, యంత్రం 609 చూపాలి.

మూడోది టెస్ట్ ఓటు, దీని దగ్గరే చాలామంది తికమకపడతారు. తను నొక్కిన గుర్తు కాక వేరే గుర్తు వీవీప్యాట్ (ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీ అచ్చువేసి చూపే యంత్రం) స్లిప్పు మీద కనిపించిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, రాతపూర్వక వాంగ్మూలం తీసుకుని, పీవో, ఏజెంట్ల కళ్లముందు ఆయన చేత మళ్లీ ఓటు వేయిస్తారు. ఫిర్యాదు నిజమని తేలితే పోలింగ్ ఆపాల్సిందే. అబద్ధమైతే పోలింగ్ సాగుతుంది, ఆ టెస్ట్ ఓటు మాత్రం యంత్రంలోనే ఉంటుంది. ఆయన 17ఏలో రెండోసారి కూడా సంతకం చేస్తాడు కాబట్టి పై తీసివేత లెక్క చెడదు. కౌంటింగ్ రోజున ఆ ఓటు ఏ అభ్యర్థికి పడిందో ఆయన లెక్కలోంచి ఒకటి తగ్గించాలి. 17సీలో రాయకపోతే ఎవరూ తగ్గించరు.

టెండర్ ఓటు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మన పేరు మీద వేరెవరో ముందే ఓటేసి వెళ్తే మనకిచ్చే కాగితం బ్యాలెట్ అది. సంతకం 17బీలో పెడతాం, బ్యాలెట్ కవరులోకి వెళ్తుంది. యంత్రం లెక్కలోకీ రాదు, మామూలు కౌంటింగ్‌లోకీ రాదు.

నియమం 49ఎస్ ప్రకారం పీవో తన సంతకంతో 17సీ నకలు ప్రతి ఏజెంటుకూ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ నకలు చేతికొచ్చేదాకా కుర్చీ వదలొద్దు. మా దగ్గర ఏజెంట్లు సరిగ్గా ఆ సమయానికే బిర్యానీ పార్సిళ్ల కోసం బయటికి జారుకుంటారు. బిర్యానీ చల్లారితే వేడి చేసుకోవచ్చు.

తర్వాత యంత్రాలను పెట్టెల్లో పెట్టి సీలు వేస్తారు. మీ పార్టీ సీలు కూడా వేయొచ్చు. కంట్రోల్ యూనిట్ నంబరు, సీళ్ల నంబర్లు 17సీ నకలు వెనకే రాసుకోండి.

మీ బూతు ఏ టేబుల్‌కు వస్తుంది?

కౌంటింగ్ ఎనిమిది గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది, అరగంట తర్వాత యంత్రాలు తెరుస్తారు. మామూలుగా ఒక నియోజకవర్గానికి 14 టేబుళ్లు. జూబ్లీహిల్స్‌కు యూసుఫ్‌గూడ కోట్ల విజయభాస్కర్ రెడ్డి స్టేడియంలో 42 టేబుళ్లు వేశారు. బూతులు 407. భాగించి చూడండి, తొమ్మిది నిండు రౌండ్లు, పదో రౌండులో 29 బూతులు. 14 టేబుళ్లే ఉంటే 30 రౌండ్లు పట్టేది.

మీ బూతు వరసలో 215వది అనుకుందాం. అందులోంచి ఒకటి తీసేసి 42తో భాగిస్తే 5 వచ్చి 4 మిగులుతుంది. రెండింటికీ ఒకటి కలపండి: ఆరో రౌండు, అయిదో టేబుల్. అనుబంధ బూతులుంటే వరస జరుగుతుంది కాబట్టి ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసర్) ఇచ్చిన చార్టుతో సరిచూసుకోండి. ఈ లెక్క ముందే వేసుకుంటే మీ 17సీలు టేబుళ్లవారీగా సర్దుకుని కౌంటింగ్ ఏజెంట్లకు పంచొచ్చు. లోపల ఫోన్ ఉండదు, కాగితమే దిక్కు.

టేబుల్ మీదికి యంత్రం రాగానే ముందు దాని నంబరు చూడండి, తర్వాత సీళ్లు, తర్వాత మొత్తం ఓట్లు. ఈ మూడూ మీ నకలుతో కలిశాకే రిజల్ట్ బటన్ నొక్కనివ్వండి. అభ్యర్థులవారీ ఓట్లు 17సీ రెండో భాగంలోకి ఎక్కుతాయి, అక్కడా ఏజెంటు సంతకం ఉంటుంది. అన్నీ కలిపి ఆర్వో తుది ఫలితాల పట్టిక అయిన ఫారం 20లో వేస్తాడు.

మొత్తం కలవకపోతే? అరవొద్దు. ఆ యంత్రాన్ని పక్కన పెట్టమని ఆర్వోను అడగండి. అన్ని రౌండ్లూ అయ్యాక గెలుపు తేడా, ఇలా పక్కన పెట్టిన యంత్రాల్లోని ఓట్ల కంటే ఎక్కువైతే వాటి జోలికి వెళ్లరు. సమానమైనా తక్కువైనా వీవీప్యాట్ స్లిప్పులు లెక్కిస్తారు. 2023లో మన పక్కనే చేవెళ్లలో తేడా 268 ఓట్లు. ఒక్క బూతు పక్కన పడితే చాలు అలాంటి ఫలితం ఆగిపోవడానికి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో తేడా 9.

జీహెచ్ఎంసీ ఎన్నికలకు ఈ పాఠం యథాతథంగా వర్తించదు. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి, 2020లో కాగితం బ్యాలెట్లతో జరిగాయి. స్వస్తిక్ కాని ముద్రలున్న ఓట్ల మీద నేరేడ్‌మెట్ ఫలితం ఎందుకు ఆగిందో ఆరో పాఠంలో చూద్దాం. వచ్చే పాఠం అయిదు బూతుల వీవీప్యాట్ లెక్కింపు, రీకౌంటింగ్ అర్జీ గురించి.

ఇంటిపని: ఒక బూతు 17సీలో ఇలా ఉంది. మొత్తం ఓటర్లు 1,072. 17ఏ చివరి నంబరు 538. 49ఓ కింద ఇద్దరు, 49ఎం కింద ఒకరు. టెస్ట్ ఓటు ఒకటి, మూడో అభ్యర్థికి పడింది. యంత్రంలో మొత్తం 536. పీవో ‘లెక్క సరిపోయింది’ అని రాసి సంతకానికి మీ ముందు పెట్టాడు. పెడతారా? పెట్టకపోతే ఆయనతో 17ఏలో ఏ ఎంట్రీలు మళ్లీ తీయించి చూస్తారు?