ఇంటి సామగ్రితో నీటి రాకెట్ – మూడవ పాఠం: నీటి కొలత, ముక్కు బరువు

గత పాఠంలో అర అంగుళం పీవీసీ గొట్టంతో తయారుచేసుకున్న ప్రయోగ వేదికకు సబ్బు నురగ పూసి, అతుకుల దగ్గర ఎక్కడా బుడగలు రావడం లేదని నిర్ధారించుకున్న తరువాతనే ఈ పాఠం మొదలుపెట్టండి.

సీసాలో నీరు ఎంత పోయాలన్నది మొదటి ప్రశ్న. శక్తి దాగి ఉండేది నీటిలో కాదు, పంపుతో కుదించిన గాలిలో. అయితే గాలి ఒక్కటే బయటికి పోతే దానికి బరువు చాలదు కనుక రాకెట్‌కు అందే తోపు కొద్దిపాటిదే. అలాగని సీసా నిండా నీరు పోస్తే గాలికి చోటుండదు. ఈ రెంటికీ నడుమ, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో సుమారు మూడో వంతు, అంటే 600 నుంచి 700 మిల్లీలీటర్లు పోసి సాధన ప్రారంభించడం మంచిది. సైకిల్ పంపు మీటరు 60 పీఎస్‌ఐ (పీడనం కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు) చూపినప్పుడు వదిలితే, సీసా మూతి నుంచి నీరు తొలి క్షణంలో సెకనుకు దాదాపు 28 మీటర్ల వేగంతో చిమ్ముతుంది; ఆ క్షణాన రాకెట్‌పై పడే తోపు సుమారు 30 కిలోల బరువుకు సమానం. నీరంతా సెకనులో పదో వంతు గడవకముందే ఖాళీ అవుతుంది. ఆ తరువాతి ప్రయాణమంతా తేలికపాటి ఖాళీ సీసాదే.

అందుకే నిలకడను నీరు లేని సీసాతోనే పరీక్షించాలి. గురుత్వ కేంద్రం (రాకెట్ సమంగా తూగే చోటు) ఎప్పుడూ పీడన కేంద్రం (పక్క నుంచి తగిలే గాలి బలమంతా పనిచేసినట్టుండే చోటు) కంటే ముక్కు వైపుకు ఉండాలి; లేకుంటే రాకెట్ గాలిలో పల్టీలు కొడుతుంది. ముక్కులో కొంచెం బంకమట్టి పెట్టి, రెక్కలను మూతి వైపు అమర్చి, రాకెట్ అడ్డంగా సమంగా తూగే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకే చూస్తూ తిరిగితే సరే. అడ్డంగానో వెనక్కో తిరిగితే మట్టి పెంచండి, లేదా రెక్కలు పెద్దవి చేయండి. రెక్కలు అతికించడానికి వేడి జిగురు గన్ వాడకండి, ఆ వేడికి సీసా గోడ మెత్తబడి బలహీనమవుతుంది. రెండువైపుల అంటుకునే టేపు చాలు. మంచినీళ్ళ సీసాలు పలుచన కాబట్టి ఎంత అందంగా ఉన్నా పనికిరావు.

లక్ష్యానికి దగ్గరగా దించవలసిన పోటీలలో పిల్లలు చేసే పొరపాటు, నా దృష్టిలో, ఒకేసారి అన్నీ మార్చడం. నీరు, పీడనం, కోణం మూడూ మారిస్తే రాకెట్ ఎందుకు దూరం పోయిందో ఎవరూ చెప్పలేరు. కంటి అంచనాకు వదలక కొలపాత్రతోనే పోయండి. ఎండలో సీసా వేడెక్కితే లోపలి పీడనం పెరుగుతుంది గనుక, పంపు కొట్టిన రాకెట్‌ను వేదికపై ఊరికే నిలిపి ఉంచకండి.

పంపు కొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. రాకెట్‌ను వదిలే గొళ్ళెం తాడు కనీసం పది మీటర్ల పొడవుండాలి. తాడు లాగినా రాకెట్ కదలకపోతే దానిపైకి వంగి చూడవద్దు. ముందు దూరం నుంచే పంపు గొట్టం ద్వారా గాలి వదిలేయాలి. గీతలు పడిన సీసాను మళ్ళీ వాడకండి.

వచ్చే పాఠానికి ముందు, 650 మిల్లీలీటర్లు, 50 పీఎస్‌ఐ, 45 డిగ్రీలు మార్చకుండా ఐదుసార్లు ఎగరేసి, దిగిన ప్రతి చోటా ముగ్గుపిండితో గుర్తు పెట్టండి. ఆ ఐదు గుర్తుల మధ్య దూరాలను టేపుతో కొలిచి నోటు పుస్తకంలో రాసుకోండి. కోణం మార్చడం ఆ లెక్కతోనే మొదలుపెడదాం.