ఏడో తరగతిలో ప్యానెల్‌ను ఎప్పుడు వెలిగించాలి?

ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులు బోధించే ఉపాధ్యాయులలో చాలామందికి ఇప్పుడు పరికరం దొరకడం కన్నా, దానిని ఏ పాఠంలో ఏ నిమిషాన వాడాలో తేల్చుకోవడమే కష్టంగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు–నేడు పనులు జరిగిన అనేక పాఠశాలల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరలు, గోడకెక్కాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ మొదలైంది. పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే, 2017లో కేంద్రం ప్రారంభించిన డిజిటల్ పాఠాల వేదిక దీక్షలోని వీడియోలు తెరుచుకుంటాయి. ఇన్ని ఉన్నప్పుడు సహజంగా జరిగే పొరపాటు ఒకటుంది: ముందుగా ఒక వీడియోను ఎంచుకొని, ఆ తర్వాత దానికి తగినట్టు పాఠాన్ని అమర్చుకోవడం. ఈ వరుసను తిరగవేయాలి. పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో ముందుగా గుర్తించి, ఆ తడబాటును సుద్దముక్కతోగాని చేతిలోని వస్తువులతోగాని తీర్చలేమని తేలినప్పుడే తెరను వెలిగించాలి.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. ఏడో తరగతి సామాన్యశాస్త్రంలో విద్యుత్ వలయాల పాఠం చెబుతున్నామనుకుందాం. ఒక ఘటానికి (బ్యాటరీ సెల్‌కు) రెండు బల్బులను శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే దారిలో కలిపితే, మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుందని, అందువల్ల రెండో బల్బుకు తక్కువ అందుతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. నీళ్ల ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి మొదటి ఇంటివాళ్లు మోటారు పెడితే చివరి ఇంటికి నీరు రాని అనుభవం వాళ్లకుంది కనుక ఆ నమ్మకంలో తర్కం లేకపోలేదు. దానిని తప్పని కొట్టిపారేయకుండా, మొదట టార్చిలైటు బల్బులు, ఘటాలు, తీగలు ఇచ్చి నలుగురైదుగురి జట్లుగా వలయాన్ని కట్టించాలి. ఈ పనిని తెరమీద చూపించి సరిపెట్టడం పొదుపు కాదు, నష్టం. తీగ చివర తొడుగు ఒలచకపోతే బల్బు వెలగదన్న సంగతి పిల్లల వేళ్లకు తెలియాలి.

అయితే అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కొట్లో కొన్న రెండు బల్బులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి కొంచెం ఎక్కువగా, మరొకటి కొంచెం తక్కువగా వెలిగిందంటే పిల్లల తప్పు నమ్మకానికే సాక్ష్యం దొరికినట్టవుతుంది. బల్బులను తారుమారు చేయించినప్పుడు మసకగా వెలిగే బల్బు ఏ స్థానంలో ఉన్నా మసకగానే వెలుగుతుంటే సగం పిల్లలకు అనుమానం మొదలవుతుంది. మిగిలిన సగం కోసం ప్యానెల్ కావాలి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనుకరణలలో (తెరమీద చేసి చూసే ప్రయోగాలలో) విద్యుత్ వలయాలను కట్టే కిట్టు ఉంది. దానిలో ఒకే రకమైన రెండు బల్బులను శ్రేణిలో కలిపి, కరెంటును కొలిచే అమ్మీటరును మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండో బల్బు తర్వాత పెట్టి చూస్తే మూడు చోట్లా ఒకే విలువ వస్తుంది. రెండో బల్బును తీసివేసి ఆ చోట తీగను కలిపితే విలువ పెరుగుతుంది, అదీ వలయమంతటా ఒకేలా. కంటికి కనిపించనిది, చేతికి అందనిది ఇదే కనుక తెర ఖర్చు దీనికే దక్కాలి.

బొత్తం నొక్కే ముందు ఆగడం ముఖ్యం. మూడు చోట్లా అమ్మీటరు ఏం చూపుతుందో ప్రతి విద్యార్థి నోట్‌బుక్‌లో రాసి, పక్కన కారణాన్ని ఒక వాక్యంలో పెట్టిన తర్వాతే చూపించాలి. ముందుగా ఊహ రాయనివారు తెరమీద ఏది కనిపించినా "నాకు తెలుసు" అంటారు, వారి మనసులోని పాత నమ్మకం మాత్రం కదలదు. బొత్తాన్ని కూడా ఉపాధ్యాయుడు కాక, తన ఊహ తప్పవుతుందేమోనన్న ఆసక్తితో ఉన్న విద్యార్థి నొక్కితే మంచిది. ఎలక్ట్రాన్లు గుండ్రని బంతుల్లా కదులుతున్నట్టు అనుకరణలో కనిపిస్తుంది. అది కేవలం గుర్తు మాత్రమేనని చెప్పకపోతే కొత్త తప్పు ఒకటి పుడుతుంది. ఈ మొత్తానికి పది, పన్నెండు నిమిషాలు చాలు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో తక్కిన సమయం చేతిపనికి, మాటకు, రాతకు చెందాలి.

గణితంలోనూ ఇదే పద్ధతి పనికివస్తుంది. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని చెప్పే ముందు, ప్రతి ఒక్కరి చేత తమకిష్టమైన త్రిభుజాన్ని గీయించి కోణమానినితో కొలిపిస్తే 178, 181, 179 వంటి జవాబులు వస్తాయి. కొలతలో తేడా ఎందుకు వస్తుందో మాట్లాడుకున్న తర్వాత, తెరమీద రేఖాగణిత బొమ్మలు గీసి కదిలించే జియోజీబ్రాలో ఒక త్రిభుజం శీర్షాన్ని లాగి చూపితే, కోణాలు మారుతున్నా మొత్తం మారకపోవడం కనిపిస్తుంది. అయితే ఇది నిరూపణ కాదు. సమాంతర రేఖల సాయంతో నిరూపణను నల్లబల్లపైనే చేయాలి. సాంఘికశాస్త్రంలో గోదావరి డెల్టా చెప్పేటప్పుడు, ఇస్రోకు చెందిన భువన్ పోర్టల్‌లోని ఉపగ్రహ చిత్రాలలో మొదట తమ ఊరిని, తర్వాత ధవళేశ్వరం ఆనకట్టను, దాని దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన తీరును వెతికిస్తే, పుస్తకంలోని పటానికి నేలకు మధ్య ముడి పడుతుంది.

ఏర్పాట్ల విషయంలో ఒకే సూత్రం పెట్టుకోవాలి: నెట్‌వర్కు ఉండదనుకొని సిద్ధం కావాలి. ఫెట్ అనుకరణలను ముందుగా దించుకొని నెట్ లేకుండా నడపవచ్చు. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. దీక్ష యాప్‌లోని పాఠాలను కూడా ముందురోజే దించిపెట్టుకోవచ్చు. కరెంటు పోతే అదే ప్రశ్నను బల్లమీద బొమ్మ గీసి కొనసాగించగలిగేలా పాఠ్యప్రణాళికలో రెండు వాక్యాలు రాసుకోవాలి. ఉపాధ్యాయుడు తన సొంత ఫోనును ప్యానెల్‌కు కలిపేటప్పుడు వాట్సాప్ సందేశాలు తెరమీదకు రాకుండా నోటిఫికేషన్లను ఆపాలి; ఒకసారి మా ఇంటి పాలబాకీ సంగతి తరగతి అంతా చదివాక నేను నేర్చుకున్న పాఠమిది. పిల్లల చేత ఖాతాలు తెరిపించే యాప్‌లను వీలైనంత వరకు వదిలేయడమే మేలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. పైన చెప్పిన ఫెట్, జియోజీబ్రాలను ఖాతా లేకుండానే వాడుకోవచ్చు.

ఇంటిపని అప్పగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో ఒకే ఫోనుండి, అది నాన్న జేబులో పొలానికో పనికో వెళ్లిపోయే కుటుంబాలు మన తరగతుల్లో ఎన్నో ఉంటాయి. వీడియో చూసి రమ్మనే పనిని ఐచ్ఛికంగా ఉంచి, దానిమీద మార్కులు పెట్టకుండా ఉండాలి.

మరుసటి రోజు ప్యానెల్ ఆపి ఉంచి, కాగితం మీద శ్రేణిలో మూడు బల్బుల వలయాన్ని గీసి ఇచ్చి, ఏ బల్బు గుండా ఎక్కువ కరెంటు పోతుందో కారణంతో రాయమనాలి. అంతకుముందు చూసిన బొమ్మ రెండు బల్బులది కనుక, బట్టీ పట్టిన జవాబు ఇక్కడ సాగదు. సగానికి పైగా పిల్లలు మళ్లీ మొదటి బల్బునే చూపితే అనుకరణను రెండోసారి నడపవద్దు. వాళ్లు రాసిన కారణాలను చదివి, ట్యాంకు, గొట్టం పోలిక ఎక్కడ తెగిపోతుందో బల్లమీద బొమ్మ వేసి మాట్లాడాలి.