బవేరియా పాత బీర్ హాళ్లకు వెళ్తున్నారా? ఇవి ముందే చూసుకోండి

జర్మనీలో బవేరియా రాష్ట్ర రాజధాని మ్యూనిక్‌లో చదువుకుంటున్న పిల్లల దగ్గరికో, ఉద్యోగం చేస్తున్న తమ్ముడి దగ్గరికో వచ్చినవాళ్లు కోటలు, చర్చిలు చూశాక తప్పకుండా అడిగేది వందల ఏళ్ల నాటి బీర్ హాల్. తప్పకుండా చూడాల్సినవే. ఫ్రైజింగ్‌లోని వైహెన్‌స్టెఫాన్ తన చరిత్రను 1040 నుంచి లెక్కగట్టుకుంటుంది. డాన్యూబ్ ఒడ్డున వెల్టెన్‌బుర్గ్ మఠం 1050 నుంచి బీరు కాస్తున్నామంటుంది. బాంబెర్గ్‌లోని ష్లెంకెర్లా ఉన్న ఇల్లు 1405 నాటి రికార్డుల్లోనే ఉంది. మ్యూనిక్ హోఫ్‌బ్రాయ్‌హౌస్‌ను 1589లో డ్యూక్ ఐదో విల్‌హెల్మ్ పెట్టించాడు. వీటిలో ఒక్కటీ మ్యూజియం కాదు. అక్కడి జనం ఇవాళ్టికీ వచ్చి కూర్చుని, కబుర్లు చెప్పుకుని వెళ్తున్న చోట్లు. అందుకే నాకు ఇవంటే అంత ఇష్టం. ఇష్టం కాబట్టే చెబుతున్నాను, కొన్ని విషయాలు ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరండి.

మొట్టమొదటిది కొలత. మన దగ్గర బీరంటే 650 ఎం.ఎల్. సీసా. ఇక్కడి పెద్ద గాజు మగ్గును ‘మాస్’ అంటారు, నిండా ఒక లీటరు. అంటే మన సీసాన్నర. మామూలు హెల్లెస్ బీరులో ఆల్కహాల్ 5 శాతం చుట్టూ ఉంటుంది, అక్టోబర్‌ఫెస్ట్ బీరులో 6 శాతం చుట్టూ. లెక్క వేస్తే ఆ ఒక్క మాస్‌లో 60 ఎం.ఎల్. అసలు ఆల్కహాల్ ఉంది. మన విస్కీ లార్జ్ పెగ్గులో ఉండేది సుమారు 25 ఎం.ఎల్. అంటే ఒక్క మగ్గు రెండు లార్జ్‌లు దాటుతుంది. చల్లగా, తేలిగ్గా దిగిపోతుంది కాబట్టి ఆ సంగతి లేచి నిలబడేదాకా తెలియదు.

ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలంలో. దాన్ని ఇక్కడ స్ట్రాంగ్ బీర్ సీజన్ అంటారు. ఉపవాసంలో బలానికని మఠాల్లో చిక్కటి బీరు కాచే అలవాటు నుంచి వచ్చింది. డబుల్‌బాక్ అనే ఆ రకంలో సాధారణంగా 7 శాతం, ఆ పైన ఉంటుంది. మెనూలో ‘సాల్వాటార్’ లాగా చివర ‘-ఆటార్’ అని కనిపిస్తే ఆ రకమేనని గుర్తుపెట్టుకోండి. అర లీటరుతో ఆపేయండి.

ఖాళీ కడుపుతో మాత్రం కూర్చోవద్దు. కాకపోతే మనవాళ్లకు తిండి దగ్గరే పెద్ద టెన్షన్. మెనూ నిండా పంది, గొడ్డు మాంసమే. శాకాహారులు పైకి కనిపించేదాన్ని నమ్మొద్దు. ఇక్కడి బంగాళదుంప సలాడ్‌లో చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు, ఎర్ర క్యాబేజీ కూరను పంది కొవ్వులో వండటమూ మామూలే. అడిగి తెలుసుకోండి. చీజ్ వేసిన ష్పెట్స్‌లే (గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్ లాంటివి), ఓబాట్స్‌డా (మెత్తటి చీజ్ ముద్ద), ప్రెట్జెల్ చాలాచోట్ల దొరుకుతాయి.

అన్నిటికన్నా మంచి దారి బీర్ గార్డెన్. 1812లో రాజు మొదటి మాక్సిమిలియన్ యోసెఫ్ బీరు కాచేవాళ్లకు తమ సెల్లార్ల దగ్గర బీరు అమ్ముకునే హక్కు ఇచ్చాడు కానీ రొట్టె తప్ప మరే తిండీ అమ్మకూడదన్నాడు. దాంతో జనం ఇంటి నుంచే తిండి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. సెల్ఫ్ సర్వీస్ ఉన్న వైపు, గుడ్డ పరవని బల్లల దగ్గర మన డబ్బా విప్పుకోవచ్చు, బీరు మాత్రం అక్కడే కొనాలి. చెస్ట్‌నట్ చెట్ల కింద పులిహోర పెట్టుకు తింటుంటే ఎవరూ ఏమీ అనరు, పక్క బల్లవాళ్లు అదేమిటని అడుగుతారు కూడా. నీళ్లు ఊరికే రావు, కొనుక్కోవాలి. ‘స్టిల్’ అని చెప్పకపోతే గ్యాస్ నీళ్లు తెస్తారు. మగ్గుకో గ్లాసు నీళ్లు తాగండి, ఆ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు.

తిరుగు ప్రయాణం ఎలాగో మొదటి గుటకకు ముందే తేలిపోవాలి. ఆండెక్స్ మఠాన్నే తీసుకోండి. 1455లో ఏర్పడిన బెనెడిక్టిన్ మఠం, కొండ మీద ఉంటుంది. మ్యూనిక్ నుంచి ఎస్8 రైల్లో హెర్షింగ్‌లో దిగి, కీన్‌టాల్ లోయలో అడవి దారిన గంట సేపు నడిస్తే చేరతాం. పగలు ఎక్కుతుంటే వాగు చప్పుడు, పక్కనే నిటారు చరియలు, వేళ్లు తేలిన బాట, చాలా బాగుంటుంది. అదే దారిలో చీకటి పడ్డాక, డబుల్‌బాక్ తాగి దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ లోయలో జారిపడి చనిపోయినవాళ్లున్నారు. నడిచి ఎక్కండి, బస్సులో దిగండి. ఆఖరి బస్సు టైము ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వెల్టెన్‌బుర్గ్‌కూ ఇదే మాట. కెల్‌హైమ్ నుంచి పడవలో వెళ్తారు, నది మరీ ఎక్కువగా పొంగినా మరీ తగ్గినా పడవలు ఆగిపోతాయి.

బండి విషయంలో మొహమాటం అసలే వద్దు. జర్మనీలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.5 ప్రొమిల్, అంటే వెయ్యి వంతుల్లో అర వంతు. 21 ఏళ్లలోపు వాళ్లకు, కొత్తగా లైసెన్స్ వచ్చి ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు సున్నా. తడబడుతూ నడిపితే 0.3 దగ్గరే కేసు అవ్వొచ్చు. మన పిల్లలు ఎక్కువగా దొరికిపోయేది ఈ-స్కూటర్ మీద. అది బొమ్మలా కనిపిస్తుంది కానీ చట్టానికి అది మోటారు వాహనమే, కారుకున్న పరిమితే దానికీ. కేసు రికార్డుకెక్కితే వీసా పొడిగింపు దగ్గర ఇబ్బంది పడే అవకాశం ఉంది. అటు నుంచి ప్రాగ్ వెళ్తున్నారా, చెక్ దేశంలో డ్రైవర్‌కు ఒక్క చుక్కా కుదరదు.

డిసెంబరులో అయితే చలి. తాగితే ఒళ్లు వెచ్చబడినట్టు ఉంటుంది. చర్మం దగ్గరి రక్తనాళాలు విచ్చుకోవడం వల్ల కలిగే భ్రమ అది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది. కోటు విప్పి నడవొద్దు. మత్తులో ఉన్న స్నేహితుణ్ణి స్టేషన్ బెంచీ మీద వదిలి రావద్దు. పిలిస్తే పలకకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 112కి ఫోన్ చేయండి.

విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారినో మామయ్యగారినో తీసుకెళ్తుంటే మాత్రలు అడగండి. కొన్ని షుగర్ మాత్రలతో తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, అది చూసేవాళ్లకు మత్తులాగే కనిపిస్తుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుంటే తాగనే వద్దు. జలుబుకి సెట్రిజిన్ వేసుకున్నా మగత పెరగొచ్చు. తాగి పడితే డబ్బు ఇవ్వని ట్రావెల్ ఇన్సూరెన్సులు చాలా ఉన్నాయి, పాలసీలో ఆ పేజీ చదవండి. పాత సెల్లార్లలో రాతి మెట్లు అరిగి నున్నగా ఉంటాయి, గుమ్మాలు పొట్టివి. పెద్దవాళ్లను ముందు మీరు దిగి చేయి పట్టుకుని దింపండి.

కూర్చునే ముందు బల్ల చూడండి. ‘స్టామ్‌టిష్’ అని బోర్డు ఉంటే అది ఏళ్ల తరబడి వచ్చేవాళ్ల బల్ల, ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. మిగతా బల్లల దగ్గర “ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?” (ఇక్కడ ఖాళీ ఉందా?) అని అడిగి తెలియనివాళ్ల పక్కనైనా కూర్చోవచ్చు. వాళ్ల ఫొటో తీయాలంటే ముందు అడగండి. కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి నగదు ఉంచుకోండి. మగ్గు నచ్చిందని సంచిలో వేసుకుంటే దొంగతనమే. కావాలంటే హోఫ్‌బ్రాయ్‌హౌస్‌లో షాపు ఉంది, కొనుక్కుని బిల్లు దగ్గర పెట్టుకోండి.