మందు మొక్కల్లో విష లోహాల కొలత – 4వ పాఠం: బ్లాంక్

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన అంకెలు చూసి నాకే టెన్షన్ వచ్చింది. ఉదయగిరి కొండ కింద కోసిన నేలవేములో సీసం బాగా ఎక్కువ చూపించిందట. ఆరా తీస్తే, ఆకును హైవే పక్కన డాబా మీద ఆరబెట్టారు. నీడలో ఆరబెట్టమన్నానే గానీ దుమ్ము పడనిచోట అని చెప్పలేదు. ఆ తప్పు నాది. ఇంకొకరు మిక్సీలో పొడి కొట్టారు. స్టీలు నుంచి క్రోమియం, నికెల్ రావచ్చు. మనం చూసేది సీసం, కాడ్మియం కాబట్టి ఇప్పటికి వదిలేద్దాం. నేనైతే అగేట్ (గట్టి రాయి) కల్వమే వాడతాను.

కావలి వైపు నేల ఉసిరిలో కనబడిన కాడ్మియం కథ వేరు. మొక్కను తప్పుపట్టే ముందు బ్లాంక్ ఏదని అడిగాను. "డిస్టిల్డ్ వాటర్ పెట్టానండీ" అన్నారు. అది బ్లాంక్ కాదు, ఉత్త నీళ్ళు! బ్లాంక్ అంటే పొడి ఒక్కటి తప్ప మిగతావన్నీ ఉండాలి: అదే సీసా ఆసిడ్, అదే పెరాక్సైడ్, అదే గొట్టం, అదే వేడి, అదే ఫ్లాస్కు.

ఎందుకంత పట్టుదలంటారా? 0.5 గ్రాముల పొడిని 7 మి.లీ. నైట్రిక్ ఆసిడ్, 1 మి.లీ. పెరాక్సైడ్‌తో మైక్రోవేవ్ డైజెస్టర్‌లో (మూసిన గొట్టాల్లో ఆసిడ్‌తో వేడిచేసే యంత్రం) కరిగించి 50 మి.లీ. చేశాం. అంటే వంద రెట్లు పలుచన. ఆయుర్వేద ఫార్మకోపియా కాడ్మియం హద్దు 0.3 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతును పీపీఎం అంటాం, అందులో వెయ్యో వంతు పీపీబీ). ద్రావణంలో అది 3 పీపీబీ మాత్రమే. నమూనా 3.5 చూపిస్తే మొక్కలో 0.35, ఫెయిల్. బ్లాంక్ 0.8 ఉందనుకోండి, అంటే అంత కాడ్మియం మొక్కది కాదు, ఆసిడ్, గొట్టాల నుంచి వచ్చింది; తీసేస్తే 2.7, మొక్కలో 0.27, పాస్. సీసం హద్దు 10 పీపీఎం, ద్రావణంలో 100 పీపీబీ. అక్కడ 0.8 తేడా లెక్కలోకే రాదు. అందుకే సీసంతో తప్పించుకున్నవాళ్ళు కాడ్మియం దగ్గర దొరికిపోతారు.

ఒక్క బ్లాంక్ చాలదు, మూడు పెట్టండి. 0.7, 0.8, 0.9 వస్తే సగటు తీసేయొచ్చు. 0.2, 0.9, 2.1 వస్తే తీసివేతలు మాని, గొట్టాలను 10 శాతం నైట్రిక్ ఆసిడ్‌లో రాత్రంతా నానబెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.

గ్రాఫైట్ ఫర్నేస్ (ద్రావణాన్ని గ్రాఫైట్ గొట్టంలో ఆవిరిచేసి, లోహం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే ఏఏఎస్ యంత్రం) నడపడం మీకు తెలిసిందే. కాడ్మియానికి కాంతి తరంగదైర్ఘ్యం 228.8 నానోమీటర్లు. ఫర్నేస్ బదులు మంట వాడే ఏఏఎస్ మీద 3 పీపీబీని నేను నమ్మను.

అన్నట్టు, అభ్యాసం. రోడ్డు పక్క ఉత్తరేణి రెండు గుప్పెళ్ళు కోయండి. ఒకటి కడగండి, ఒకటి వద్దు. ఒక్కోటి మూడేసిసార్లు, బ్లాంకులు మూడు. కలిపిన కాడ్మియం తిరిగి కనబడుతుందో లేదో చూడటానికి, కడిగినదాంట్లో ఇంకో గొట్టానికి డైజెషన్‌కు (ఆసిడ్‌లో కరిగించడానికి) ముందే 1 పీపీఎం కాడ్మియం స్టాండర్డ్ (గాఢత తెలిసిన ద్రావణం) 100 మైక్రోలీటర్లు కలపండి. చివర్లో 2 పీపీబీ అదనంగా కనబడాలి. 1.6 కన్నా తగ్గినా, 2.4 దాటినా అంకెలు నాకు పంపకండి, మళ్ళీ చేయండి.