చెక్క భజన బృందాన్ని ఊళ్లోనే రికార్డు చేయాలంటే

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో చేతిలో చెక్కలు వాయిస్తూ, అడుగులేస్తూ పాడే చెక్క భజన పాటలకు కొదవ లేదు. కూలి పని మానుకుని స్టూడియో దాకా రావడమే కష్టం. అందుకే సామాను మనమే భజన గుడికి మోసుకుపోవాలి.

ముందుగా ఏ రోజన్నది కుదుర్చుకోండి. మామిడి కోతలప్పుడు సగం మంది రారు. ద్రౌపది గుళ్లలో భారతం జరిగే రోజులూ వద్దు, రాత్రంతా నాటకం ఆడిన గొంతు మర్నాడు పలకదు.

నాలుగు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ల్యాప్‌టాప్, మూడు మైకులు, స్టాండ్లు, హెడ్‌ఫోన్ చాలు. రేకుల షెడ్డు వద్దు, శ్లాబు గది మేలు. కింద జంబుఖానా పరిచి, పక్కపక్కనున్న రెండు గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. ఫ్యాన్లు ఆపేయాలి కాబట్టి పాటకూ పాటకూ మధ్య పది నిమిషాలు విరామం, మంచినీళ్లు తప్పనిసరి.

గొడవంతా చెక్కలతోనే. వాటి బిళ్లల మోత సన్నగా, పదునుగా ఉంటుంది, ప్రతి మైకులోకీ దూరుతుంది. ముందు పాడే గురువు మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. అది ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే కార్డియాయిడ్ రకం డైనమిక్ మైకైతే మంచిది. దాని వీపు చెక్కలవైపు ఉండాలి. వెనక పాడేవాళ్లను రెండు మీటర్ల అవతల అర్ధచంద్రాకారంలో నిలబెట్టి, వాళ్లకు మీటరు దూరంలో రెండో మైకు పెట్టండి. మూడోది హార్మోనియానికి, కానీ తిత్తి వైపు వద్దు, గాలి చప్పుడు పడుతుంది. గురువు గొంతుకూ ఆయన మైకుకూ ఎంత దూరమో, పక్క మైకుకు అంతకు మూడింతల దూరమైనా ఉండాలి. లేకపోతే రెండు ట్రాకులు కలిపినప్పుడు గొంతు డొల్లగా వినిపిస్తుంది.

గొంతులు, చెక్కలు విడివిడిగా రికార్డు చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. మా మాట వినండి, వద్దు. అడుగు పడితేనే పాటకు వడి వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టి కూర్చోబెడితే ఆ ఊపు పోతుంది.

రికార్డింగ్ లెవెల్ చూసేటప్పుడు పల్లవి పాడమంటే మొహమాటంగా, మెల్లగా పాడతారు. వడి బాగా పెరిగే ఆఖరి చరణం పాడించి, ల్యాప్‌టాప్‌లో కనిపించే లెవెల్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. పగిలిన శబ్దాన్ని తర్వాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. రికార్డింగ్ నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెడితే ఒక్కో మైకుకు గంటకు సుమారు అర జీబీ పడుతుంది. కరెంటు వల్ల వచ్చే 50 హెర్ట్జ్ రొద వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది. పాటకు ముందు అర నిమిషం అందరూ కదలకుండా ఉంటే, ఆ ఖాళీ గది శబ్దం తర్వాత రొద తగ్గించడానికి పనికొస్తుంది.

మైకు మనదైనా పాట వాళ్లది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాడినవాళ్ల హక్కు, పాడిన మరుసటి ఏడాది మొదలు 50 ఏళ్లు ఉంటుంది. యూట్యూబ్‌లో పెట్టొచ్చా, డబ్బు వస్తే ఎవరికెంత అన్నది ఒక్క పేజీలో తెలుగులో రాసి, అందరికీ చదివి వినిపించాకే సంతకాలు తీసుకోండి. చదువు రాని పెద్దవాళ్ల ఒప్పుకోలును మైకులోనే రికార్డు చేయండి. ఇది మొదటి పాటకు ముందే జరగాలి, భోజనాలయ్యాక హడావిడిలో కాదు.

ఫైలు పేరులో తేదీ, ఊరు, పాట, గురువు పేరు ఉండాలి. రెండు చోట్ల కాపీ చేసి, బృందానికి పెన్‌డ్రైవ్ ఆ రోజే ఇచ్చేయండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, ఫైలు నాణ్యత తగ్గదు.