గ్రామీణ రీసెర్చ్ నెట్‌వర్క్ పనితీరు లెక్కగట్టాలంటే ముందు స్క్రీనింగ్ లాగ్ తెరవండి

పల్లెటూళ్లలోని చిన్న ఆసుపత్రులను కలుపుకుని క్లినికల్ స్టడీలు చేసే ఒక నెట్‌వర్క్‌లో కొన్నేళ్లు సెంటర్ల పనితీరు రిపోర్టులు నేనే తయారుచేశాను. మొదటి రిపోర్టులో ఎవరు ఎంతమందిని చేర్చారో చూసి సెంటర్లకు వరసగా ర్యాంకులు ఇచ్చాను. అట్టడుగున ఉన్న సెంటర్ ఆరు నెలల్లో చేర్చింది నలుగురినే. దాన్ని మూసేయమని రాసే ముందు ఒకసారి స్క్రీనింగ్ లాగ్ (ఎవరెవరిని స్టడీకి పరిశీలించారో, ఎవరు సరిపోయారో రాసుకునే పట్టిక) చూద్దామని వెళ్లాను. ఆ ఆరు నెలల్లో వాళ్ల దగ్గరికి వచ్చిన పేషెంట్లలో స్టడీకి సరిపోయినవాళ్లే ఐదుగురు. ఐదుగురినీ అడిగారు, నలుగురు ఒప్పుకున్నారు, ఆ నలుగురూ ఒక్క విజిట్ కూడా తప్పలేదు. నేను మొదటి ర్యాంకు ఇచ్చిన సెంటర్‌లోనేమో దాదాపు మూడోవంతు మంది మధ్యలో మానేశారు. ఆ రిపోర్టు చించేసి మళ్లీ రాశాను. అప్పటినుంచి ఇలా చేస్తున్నాను.

ప్రతి సెంటర్‌కూ ఐదు అంకెలు రాసుకోండి: స్క్రీనింగ్ జరిగిన పేషెంట్లు, వాళ్లలో అర్హులు, చేరతారా అని సెంటర్ అడిగినవాళ్లు, కన్సెంట్ (రాతపూర్వక అంగీకారం) ఇచ్చి చేరినవాళ్లు, చివరిదాకా ఉన్నవాళ్లు. సంఖ్య ఎక్కడ పడిపోతోందో అక్కడ ఆగండి. స్క్రీనింగ్ నుంచి అర్హుల దగ్గరకు వచ్చేసరికి చాలామంది తగ్గిపోతే తప్పు సెంటర్‌ది కాకపోవచ్చు, ప్రోటోకాల్ (స్టడీ నియమాల పత్రం) షరతులు అక్కడి రోగులకు సరిపడకపోయి ఉండొచ్చు. అర్హులు ఉన్నా అడగలేదంటే మనుషుల కొరత. అదే నర్సు ఓపీ చూస్తూ, టీకాలు వేస్తూ, కన్సెంట్ కూడా తీసుకోవాలంటే ఎక్కడి నుంచి కుదురుతుంది? అడిగినా ఒప్పుకోకపోతే వివరించిన తీరు, భాష చూడాలి. అయితే వద్దనే హక్కు ప్రతి మనిషికీ ఉంది కాబట్టి నూటికి నూరుమందీ ఒప్పుకున్న సెంటర్‌లో కన్సెంట్ ఎలా తీసుకున్నారో ఇంకా జాగ్రత్తగా చూస్తాను. చేరాక మానేస్తుంటే దూరం, ప్రయాణ ఖర్చు, కూలి పోవడం, ఫోన్ నంబర్ మారిపోవడం లాంటివి ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోండి.

చిన్న సంఖ్యలతో శాతాలు వేయకండి. నలుగురిలో ఒకరు మానేస్తే 25 శాతం అని ఎర్రరంగు పూస్తే ఆ సెంటర్‌కు అన్యాయం చేసినట్టే. దీనికి రెండో వైపు కూడా ఉంది. 30 విజిట్లలో ఒక్క డీవియేషన్ (ప్రోటోకాల్ తప్పడం) కూడా లేకపోతే అంతా శుభ్రంగా ఉందని అనుకుంటాం. కానీ సున్నా వచ్చినప్పుడు వాడే 'రూల్ ఆఫ్ త్రీ' అనే లెక్క ప్రకారం 3ను 30తో భాగించి చూడండి. అసలు రేటు 10 శాతం దాకా ఉన్నా ఇలా సున్నా కనిపించే వీలుంది. అందుకే సెంటర్‌ను సెంటర్‌తో పోల్చడం కన్నా, అదే సెంటర్ కిందటి ఆరు నెలలతో పోల్చడం నాకు నచ్చుతుంది.

డీవియేషన్లన్నీ ఒకే బరువువి కావు. క్లినికల్ స్టడీలకు అంతర్జాతీయ మార్గదర్శకమైన, 2025 జనవరిలో ఖరారైన ఐసీహెచ్ జీసీపీ ఇ6 ఆర్3 కూడా ఇదే చెబుతుంది: పాల్గొన్నవాళ్ల భద్రతనూ ఫలితాల నమ్మకాన్నీ దెబ్బతీసే వాటి మీద ముందు దృష్టి పెట్టాలి. విజిట్ ఒకరోజు ఆలస్యమవడం వేరు, కన్సెంట్ సంతకానికి ముందే రక్తం తీయడం వేరు. రెండిటినీ ఒకే గడిలో కూడకండి.

శాంపిళ్ల సంగతి పల్లె సెంటర్లలో పెద్దది. రక్తం తీసిన టైమ్, సెంట్రిఫ్యూజ్ చేసిన (గిర్రున తిప్పి రక్తకణాలను వేరుచేసిన) టైమ్, ఫ్రీజర్‌లో పెట్టిన టైమ్, ల్యాబ్‌కు చేరినప్పటి ఉష్ణోగ్రత, ఈ నాలుగూ వరసగా చూడండి. హీమోలైసిస్ అయిన (రక్తకణాలు పగిలిపోయిన) శాంపిళ్లు ఒక్క సెంటర్ నుంచే వస్తుంటే సూది వేసే చేయినే అనుమానించకండి. గతుకుల రోడ్డు మీద గంటల ప్రయాణం కూడా రక్తకణాలను పగలగొడుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్‌ను ఎవరు చూస్తారని అడగండి. జవాబుగా ఒక పేరు రాకపోతే, రిపోర్టులో ముందు ఆ మాట రాయాలి.

స్టడీ మొదలవడానికి పట్టిన రోజులు లెక్కేసేటప్పుడు సగటు వద్దు, మధ్యగతం తీసుకోండి. ఒక్క సెంటర్ ఏడాది ఆగిపోతే సగటు మొత్తం చెడుతుంది. ఆ రోజులను రెండు భాగాలు చేయడం ఇంకా ముఖ్యం: ఫైలు సెంటర్ దగ్గర ఉన్న రోజులు, మన దగ్గర ఉన్న రోజులు. నేను మొదటిసారి అలా విడదీసినప్పుడు చాలా ఆలస్యం మా ఆఫీసులోనే తేలింది. నెట్‌వర్క్ పనితీరు అంటే కేంద్ర ఆఫీసు పనితీరు కూడా. కాంట్రాక్టుకు ఎన్ని రోజులు తీసుకున్నాం, సెంటర్ అడిగిన ప్రశ్నకు ఎప్పుడు జవాబిచ్చాం, డబ్బు ఎప్పుడు పంపాం, ఇవన్నీ అదే రిపోర్టులో పెట్టండి.

చివరగా, రిపోర్టు పైవాళ్లకు పంపే ముందు సెంటర్ కోఆర్డినేటర్‌కు చూపించండి. అంకెల పక్కన తన మాట రాయడానికి ఒక ఖాళీ గడి ఉంచండి. ఒకావిడ ఆ గడిలో ఇలా రాసింది: "విజిట్ రోజు, సంత రోజు ఒకటే అయ్యాయి." మేం విజిట్ రోజు మార్చాం. తర్వాతి మూడు నెలల లాగ్‌లో నేను మొదట చూసింది ఆ వరసే.