హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్ (చదవలేనంతగా చెడిపోయిన చిన్న భాగం) పడితే ఏ ఫైల్ పోయిందో కనుక్కోవడం

ముందు ముఖ్యమైన ఫోటోలు, డాక్యుమెంట్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసేయండి, వెతుకులాట తర్వాత, ఎందుకంటే చెడిపోతున్న డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం.

లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి) అయితే, డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో లాంగ్ టెస్ట్ పెట్టండి, గంటలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఎర్రర్ వస్తే లాగ్‌లో మొదటి చెడ్డ సెక్టార్ నంబర్ ఉంటుంది, 1,00,02,048 అనుకుందాం. పార్టిషన్ల (డిస్క్‌లోని విభాగాల) వివరాలు చూపే ఎఫ్‌డిస్క్‌లో మీ పార్టిషన్ 2048 దగ్గర మొదలైందని కనిపిస్తే ఆ 2048ని సెక్టార్ నంబర్‌లోంచి తీసేయండి, 1,00,00,000 మిగులుతుంది. సెక్టార్ 512 బైట్లు, బ్లాక్ (ఫైల్ సిస్టమ్ ఒకేసారి వాడే ముక్క) 4096 కాబట్టి 8తో భాగిస్తే బ్లాక్ నంబర్ 12,50,000. చాలామంది ఆ 2048 తీసేయడం మర్చిపోయి, బాగున్న ఫైల్‌ని డిలీట్ చేసుకుంటారు, పాపం!

ఇప్పుడు ఫైల్ సిస్టమ్ లోపలి వివరాలు చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్ తెరిచి, అందులో ఐచెక్ కమాండ్ పక్కన ఆ బ్లాక్ నంబర్ ఇస్తే ఐనోడ్ (ఫైల్‌కి సిస్టమ్ ఇచ్చే నంబర్) వస్తుంది, దాన్ని ఎన్‌చెక్‌కి ఇస్తే ఫైల్ పేరు పాత్‌తో సహా వచ్చేస్తుంది. బ్లాక్ నాట్ ఫౌండ్ అని వస్తే అక్కడ ఏ ఫైలూ లేనట్టే, హమ్మయ్య అనుకోవచ్చు.

విండోస్‌ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) లెక్క ఇదే, కాకపోతే బ్లాక్ బదులు క్లస్టర్ (అక్కడ బ్లాక్‌ని అలా అంటారు) నంబర్, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌ఎస్‌యుటిల్ వాల్యూమ్ క్వెరీక్లస్టర్‌కి డ్రైవ్ లెటర్‌తో పాటు ఇవ్వాలి.